తాళం వేసిన ఇంటి పన్ను లెక్క

మా వంటింటి గుమ్మం పక్కన ఒక మేకు ఉంది. దానికి మూడు తాళంచెవుల గుత్తులు వేలాడుతుంటాయి. మూడూ ఇరుగుపొరుగు వాళ్ళవే. మొదటిది ఎదురింటి రైల్వే బాబాయిగారిది. రిటైరయ్యాక ఆయనా పిన్నిగారూ ఉగాది వెళ్ళగానే డల్లాస్‌లో ఉన్న కూతురి దగ్గరికి బయల్దేరతారు. అక్కడ చలి ముదరకముందే, దసరాకీ దీపావళికీ మధ్య వచ్చేస్తారు. రెండోది కింది వాటా అబ్బాయిది. ఓడ మీద ఉద్యోగం. అతను సముద్రం మీద ఉన్నన్నాళ్ళూ భార్యా పిల్లాడూ నర్సీపట్నంలో, ఆమె పుట్టింట్లో ఉంటారు. మూడోది శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి ఇక్కడ చిన్న ఇల్లు కట్టుకున్న కుటుంబానిది. కోతలకూ సంక్రాంతికీ, ఎండాకాలం జీడితోటల పనికీ వాళ్ళు ఊరెళ్ళిపోతారు.

సింహాచలం రైల్వే స్టేషన్ విశాఖలోని మా గోపాలపట్నంలోనే ఉంది. స్టేషన్, ఎన్‌ఏడీ (నౌకాదళ ఆయుధ డిపో), నౌకాదళం, ఉక్కు కర్మాగారం, రేవు, ఇన్ని కొలువుల చుట్టూ ఎదిగిన చోటు కాబట్టి ఇక్కడి జనం బదిలీల మీదా ప్రయాణాల మీదా బతుకుతారు. ఏ వీధిలో చూసినా ఎవరో ఒకరి ఇంట్లో ఇలాంటి మేకు ఉంటుంది.

నిరుడు బాబాయిగారు తిరిగొచ్చిన రోజు తాళం తీయడానికి నేనూ వెళ్ళాను. గ్రిల్లు సందులోంచి లోపలికి తోసిన కాగితాలు వరండా బండకు అతుక్కుపోయి ఉన్నాయి. వాన జల్లుకు తడిసి, ఎండి, మళ్ళీ తడిసినవి. పిన్నిగారు చెంబుతో నీళ్ళు చల్లి, గోటితో అంచు పట్టుకుని ఒక్కొక్కటే లేపారు. అందులో ఒకటి ఇంటి పన్ను డిమాండ్ నోటీసు. సిరా కారిపోయి అసెస్‌మెంట్ నంబరులో ఆఖరి మూడంకెలే మిగిలాయి. బాబాయిగారు దాన్ని ఎండలో పట్టుకుని చూసి అన్నారు: “ఏటమ్మా, ఆర్నెల్లు తాళం ఏసున్న ఇంటికి కూడా మొత్తం కట్టాలేటి? మనం వాడిందేటి?”

న్యాయమైన ప్రశ్నే. ఆ సాయంత్రం కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. అన్యాయం ఉందని లెక్క తేల్చింది. కానీ బాబాయిగారు చూపించిన చోట కాదు.

ఇంట్లో ఎవరున్నారు, ఇల్లెంత చేస్తుంది

ఇంటి పన్ను వేయడానికి మన రాష్ట్రంలో చాలాకాలం ఒకటే పద్ధతి: వార్షిక అద్దె విలువ. ఈ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంత వస్తుంది, దాని మీద ఇంత శాతం. ఈ పద్ధతికి లోపాలు బోలెడు. పదేళ్ళయినా అద్దె విలువలు సవరించేవారు కాదు. పక్కపక్కనే ఉన్న రెండిళ్ళలో పాత ఇంటికి ఒక పన్ను, కొత్త ఇంటికి దానికి రెట్టింపు ఉండేది. అయితే ఆ పద్ధతిలో ఒక గుణం కూడా ఉండేది. ఇంట్లో ఎవరున్నారని అది అడిగేది. పాత పురపాలక నిబంధనల ప్రకారం యజమాని తానే కాపురం ఉంటే అద్దె విలువలో 40 శాతం రిబేటు. అద్దెకిచ్చిన ఇంటికైతే భవనం వయసును బట్టి 10, 20, 30 శాతమే తగ్గింపు. సొంత గూడు వేరు, ఆదాయం తెచ్చే గూడు వేరు అన్న తేడా అందులో ఉంది.

తాళం వేసిన ఇంటి సంగతి అంతకన్నా పాతది. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలోనే దీనికి చోటు దొరికింది. అప్పుడు విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఒక అర్ధ సంవత్సరంలో వరసగా 30 రోజులు, ఆపైన ఇల్లు ఖాళీగా, అద్దెకు లేకుండా ఉంటే, భవనం మీది పన్నులో సగానికి మించకుండా, ఖాళీగా ఉన్న రోజుల దామాషాలో మినహాయించాలని ఆ చట్టం చెప్పింది. ఖాళీ అవుతోందని ముందుగా నోటీసు ఇవ్వాలన్నది షరతు. దీన్నే మన ఆఫీసుల్లో ‘వేకెన్సీ రెమిషన్’ అంటారు. వందేళ్ళ తర్వాత రాష్ట్ర పురపాలక శాఖ ఆన్‌లైన్ సేవల్లోనూ, కొత్త అసెస్‌మెంటు, పేరు మార్పిడి లాంటివాటి పక్కన ఈ పేరు చేరింది.

2020లో పద్ధతే మారిపోయింది. కరోనాతో ఖజానాలు ఖాళీ అయిన ఆ మే నెలలో రాష్ట్రాల అప్పు పరిమితిని కేంద్రం 3 నుంచి 5 శాతానికి పెంచింది. పెంచిన దాంట్లో కొంత భాగానికి నాలుగు సంస్కరణలను షరతుగా పెట్టింది. అందులో ఒకటి పట్టణాలది. ఆస్తి పన్నును రిజిస్ట్రేషన్ విలువలకు ముడిపెట్టాలి, నీటికీ మురుగుకూ ఖర్చుకు తగ్గ ఛార్జీలు వేయాలి. ఈ సంస్కరణ ముందుగా పూర్తి చేసిన రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. దానికి ప్రతిగా మన రాష్ట్రానికి అదనంగా 2,525 కోట్ల రూపాయల అప్పు చేసుకునే వీలు దొరికింది. 15వ ఆర్థిక సంఘం కూడా 2021–26 మధ్య పట్టణాలకిచ్చే గ్రాంట్లకు ఆస్తి పన్ను కనీస రేట్లు ప్రకటించడాన్నే మొదటి మెట్టుగా పెట్టింది.

అలా 2020 నవంబరులో చట్ట సవరణ జరిగింది, 196, 197, 198 నంబర్ల జీవోలు వచ్చాయి. 2021 ఏప్రిల్ నుంచి పన్నుకు ఆధారం అద్దె పోయి ఆస్తి మూలధన విలువ అయింది. స్థలం విలువ, దాని మీద కట్టడం విలువ, రెండూ కలిపి, ఇళ్ళకైతే అందులో 0.10 నుంచి 0.50 శాతం, వ్యాపార భవనాలకైతే 0.20 నుంచి 2 శాతం. ఈ హద్దుల మధ్య రేటు ఆ ఊరి పాలకవర్గం ఖరారు చేసుకోవాలి. పన్ను ఒక్కసారిగా పెరగకుండా, ఒక ఏడాదిలో అంతకుముందటి పన్ను మీద 15 శాతానికి మించి పెంచకూడదని కట్టడి పెట్టారు.

గుమ్మంలో నిలబడి లోపలెవరున్నారని అడిగే పన్ను పోయి, గోడల్ని కొలిచి లెక్కగట్టే పన్ను వచ్చింది. బాబాయిగారు ఇంట్లో ఉన్నా డల్లాస్‌లో ఉన్నా గోడల విలువ గోడల విలువే.

లెక్క కోసం ఒక ఇల్లు తీసుకుందాం. దాని మూలధన విలువ 30 లక్షలు అనుకోండి. అడుగు రేటు 0.10 శాతం వేస్తే ఏడాదికి 3,000 రూపాయలు. పై రేటు 0.50 వేస్తే 15,000. ఆ ఇంటికి పాత పద్ధతిలో 1,500 పన్ను ఉండేదనుకుందాం. ఏటా 15 శాతం చొప్పున పెరిగితే మొదటి ఏడు 1,725, రెండో ఏడు 1,984, మూడో ఏడు 2,281, నాలుగో ఏడు 2,624. అయిదో ఏడు 3,017 దాకా వెళ్ళాల్సింది, లక్ష్యం 3,000 కాబట్టి అక్కడ ఆగుతుంది. అంటే 15 శాతం చిన్న మాటలా వినిపించినా అయిదేళ్ళకు రెట్టింపు. ఆర్నెల్లకోసారి వచ్చి కాగితం చూసేవాళ్ళకు ఈ మెట్లు కనబడవు. అయిదేళ్ళ కిందటి రసీదూ ఇవాళ్టి నోటీసూ పక్కపక్కన పెట్టుకుని గుండె పట్టుకుంటారు.

వాడకపోతే కట్టక్కర్లేదా

ఇప్పుడు బాబాయిగారి ప్రశ్నకొద్దాం. ఆర్నెల్లు వాడలేదు కదా, సగం తగ్గించాలి కదా.

ఈ వాదన నీటికి నప్పుతుంది, చెత్తకు నప్పుతుంది. ఇంటి పన్నుకు పూర్తిగా నప్పదని నా అభిప్రాయం. ఆయన లేనప్పుడు కూడా ఇంటి ముందు వీధి దీపం వెలుగుతూనే ఉంది. కాలువలో పూడిక తీయకపోతే ఆయన వరండాలోకే నీళ్ళొస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడిన తర్వాత వీధుల్లో కూలిన చెట్లు తీసినవాళ్ళు ఏ ఇంటికి తాళముందో చూసి తీయలేదు. నిజానికి తాళం వేసి వెళ్ళినవాళ్ళకే ఊరి కాపలా ఎక్కువ కావాలి. పైగా ఆయన ఊళ్ళో లేని ఆర్నెల్లలో ఆ స్థలం ధర తగ్గలేదు. ఎన్‌ఏడీ కూడలిలో ఫ్లైఓవర్ వచ్చాక పెరిగిన విలువలో ఆయన వాటా ఆయనకుంది.

కరెంటు బిల్లు ఈ తేడాను తేటగా చూపిస్తుంది. గృహ కనెక్షన్లకు 2021 నుంచి ప్రతి కిలోవాట్ లోడుకూ నెలకు 10 రూపాయల స్థిర ఛార్జీ ఉంది. ఫ్యాను తిరిగినా తిరగకపోయినా అది కట్టాలి, ఎందుకంటే మన వీధి దాకా తీగ లాగి ఉంచారు. యూనిట్ల ఛార్జీ మాత్రం వాడితేనే. ఇంటి పన్ను ఆ తీగ లాంటిది. నీరు, చెత్త యూనిట్ల లాంటివి. బిల్లులో ఈ రెండూ కలగాపులగం అయినప్పుడే పార్ట్‌టైం కాపురస్థుడికి అన్యాయం జరుగుతుంది.

ఇక్కడే చెత్త పన్ను గుర్తుకొస్తుంది. 2021 అక్టోబరు 2న ‘క్లాప్’, అంటే క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలయ్యాక ఇంటింటి చెత్త సేకరణకు వినియోగ రుసుము వేశారు. విశాఖ లాంటి పెద్ద నగరాల్లో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా. ఏడాదికి 1,440. మన లెక్కలోని 3,000 పన్నులో ఇది దాదాపు సగం! పేరు వినియోగ రుసుము. ఆర్నెల్లు తాళం వేసిన ఇంట్లోంచి ఒక్క అరటితొక్క బయటికి రాకపోయినా 720 రూపాయలు లెక్క తేలేది. ఇది మాత్రం శుద్ధ అన్యాయం. ఊళ్ళో ఉన్నవాళ్ళకే అది భారమైంది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు చెత్త పన్ను ఎత్తివేత ప్రకటించారు, ఆ తర్వాత చట్టం సవరించారు. పట్టణాల ఖర్చులు పెరిగేవే కాబట్టి, రేపు ఏదో ఒక పేరుతో మళ్ళీ వినియోగ రుసుములు రావచ్చు. వచ్చినప్పుడు అడగాల్సింది ఇదే: వినియోగానికి రుసుమైతే, వినియోగం లేని నెలకు ఎందుకు?

మినహాయింపు పెద్దదా, బకాయి పెద్దదా

నా అంచనాను తారుమారు చేసిన లెక్క ఇది.

ఆస్తి పన్నుకు ఏడాదిలో రెండు అర్ధ సంవత్సరాలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. విజిటర్ వీసా మీద అమెరికా వెళ్ళిన తల్లిదండ్రులకు అక్కడి విమానాశ్రయంలో మామూలుగా ఆర్నెల్ల గడువు వేస్తారు. ఎండలకు ముందు వెళ్ళి చలికి ముందు రావడమే అందరి ఆనవాయితీ. అంటే మనవాళ్ళ అమెరికా ఆర్నెల్లూ, ఇంటి పన్ను మొదటి ఆర్నెల్లూ దాదాపు అచ్చుగుద్దినట్టు ఒకటే.

పాత మద్రాసు చట్టంలోని సూత్రాన్ని ఉన్నదున్నట్టు, పూర్తి ఉదారంగా అన్వయిస్తే బాబాయిగారికి ఎంత మిగులుతుంది? ఏడాది పన్ను 3,000. అర్ధ సంవత్సరానికి 1,500. మొత్తం ఆర్నెల్లూ ఖాళీ అని ఒప్పుకుని గరిష్ఠంగా సగం తీసేస్తే 750 రూపాయలు. స్థలం వాటా పక్కన పెట్టి భవనం వాటా మీదే లెక్కిస్తే ఇంకా తక్కువ.

ఇప్పుడు రెండో వైపు చూడండి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు ఒకేసారి కడితే 5 శాతం రిబేటు. 3,000కు 150 తగ్గి 2,850తో సరిపోతుంది. కట్టకుండా బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. ఆ 3,000 ఒక ఏడాది బకాయిగా నిలబడితే 720 వడ్డీ చేరి 3,720 అవుతుంది. ఏప్రిల్‌లో కట్టినవాడికీ ఏడాది ఆలస్యంగా కట్టినవాడికీ మధ్య తేడా 870 రూపాయలు.

మినహాయింపు గరిష్ఠంగా ఇచ్చేది 750. కాగితం చేతికందక పోయేది 870. రెండేళ్ళు అదే బకాయి నిలబడితే వడ్డీ ఒక్కటే 1,440. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద కష్టపడి 7 శాతం తెచ్చుకునే రిటైరైన మనిషి, తనకు తెలియకుండానే 24 శాతం వడ్డీకి అప్పు చేసినట్టు.

కట్టలేక బకాయి పడటం వేరు, కట్టగలిగి కూడా తెలియక బకాయి పడటం వేరు. తాళం వేసి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది రెండో రకం. వాళ్ళను బాధించేది పన్ను రేటు కంటే గ్రిల్లు సందులో తడిసిపోయిన కాగితమే. ఆ మాట తేలాక ఎవరిని ఏం అడగాలో కూడా తేలుతుంది. అసెస్‌మెంట్ నంబరుకు యజమాని ఫోను నంబరు జోడించడం, డిమాండు వేసిన రోజే దానికి సందేశం పంపడం, ఆ సందేశం వెళ్ళిన తేదీ నుంచే వడ్డీ లెక్కపెట్టడం. మూడిటికీ ఖజానాకు పెద్ద ఖర్చు లేదు. పైగా వసూలు పెరుగుతుంది.

ప్రభుత్వాలు మధ్యమధ్యలో వడ్డీ మాఫీలు ప్రకటిస్తుంటాయి. 2025 మార్చి ఆఖరులో, ఆ నెల 31 లోపు బకాయి కట్టేవాళ్ళకు వడ్డీలో 50 శాతం మాఫీ అన్నారు. మంచిదే. కానీ ఆ కబురు తెలిసేది ఊళ్ళో ఉన్నవాళ్ళకే. కొద్ది రోజుల గడువులో ఓడ మీది మనిషి ఏం చేస్తాడు? మాఫీ కూడా ఇంట్లో ఉన్నవాడికే అందింది. ఏప్రిల్‌లోనే బుద్ధిగా కట్టినవాడికి దక్కింది ఆ 5 శాతమే.

‘ఖాళీ’ అన్న మాట దగ్గర పేచీ

వేకెన్సీ రెమిషన్ అడిగేవాళ్ళు ముందు ఒక మాటను దాటాలి. చట్టం వాడిన మాట ‘ఖాళీగా, అద్దెకు లేకుండా’. మంచాలు, బీరువా, దేవుడి గూడు, ఆవకాయ జాడీలు అన్నీ లోపలే ఉంచి తాళం వేసుకుంటే ఆ ఇల్లు ఖాళీయా? అద్దెకు పెట్టినా ఎవరూ రాని ఇల్లు ఖాళీ అంటే ఎవరైనా ఒప్పుకుంటారు. తిరిగొచ్చి ఉండటానికి దాచుకున్న ఇంటి మీదే తగాదా. మన జనగణన కూడా ఈ రెంటినీ కలపలేదు. 2011లో ఖాళీ ఇళ్ళకు ఒక గడి, కాపురం ఉండి తాళం వేసిన ఇళ్ళకు మరో గడి. దేశంలోని 33 కోట్ల పైచిలుకు గృహాల్లో ఖాళీగా తేలినవి దాదాపు 2.47 కోట్లు, అంటే నూటికి ఏడున్నర. మా మేకుకు వేలాడే మూడిళ్ళూ ఆ గడిలోకి రావు. అవి బతికున్న ఇళ్ళు.

ఆదాయపు పన్ను చట్టం ఈ విషయంలో కొంత మెత్తబడింది. ఒకప్పుడు సొంతానికి ఉంచుకున్న ఒక్క ఇంటికే అద్దె ఆదాయం సున్నా అని లెక్క. 2019–20 నుంచి రెండిళ్ళకు ఆ వెసులుబాటు వచ్చింది. గోపాలపట్నంలో ఒకటి, సొంతూళ్ళో ఒకటి ఉన్న ఉత్తరాంధ్ర కుటుంబానికి ఇది సరిగ్గా సరిపోయింది. ఆ పన్ను మనిషి రోజుల్ని లెక్కపెడుతుంది కూడా, 182 రోజులు దేశంలో ఉన్నాడా లేడా అని. ఇంటి పన్ను గజాలు లెక్కపెడుతుంది, రోజులు లెక్కపెట్టదు.

విదేశాల్లో గాలి ఎటు వీస్తోంది

బాబాయిగారికి ఈ సంగతి చెబితే నమ్మలేదు. చాలా దేశాల్లో అప్పుడప్పుడూ ఉండే యజమాని మీద పన్ను తగ్గించడం మాట అటుంచి, ఎక్కువ వేస్తున్నారు. కెనడాలోని వాంకూవర్ నగరం 2017లో ఖాళీ ఇళ్ళ పన్ను పెట్టింది. మొదట ఇంటి విలువలో 1 శాతం, 2021కి 3 శాతం. ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్ నుంచి రెండో ఇంటి మీద కౌన్సిల్ పన్నును రెట్టింపు చేసే అధికారం స్థానిక సంస్థలకు వచ్చింది. వేల్స్‌లోనైతే 2023 నుంచి 300 శాతం దాకా అదనంగా వేయొచ్చు. అక్కడి గ్విన్నెడ్ కౌంటీ 150 శాతం అదనం వేసింది. ఫ్రాన్స్ సొంత కాపురానికి నివాస పన్ను 2023కి పూర్తిగా ఎత్తేసి, రెండో ఇళ్ళకు మాత్రం ఉంచింది.

బాబాయిగారి అల్లుడుండే టెక్సస్‌లో దీన్నే తిప్పి చేశారు. తానుండే ఇంటికి ‘హోమ్‌స్టెడ్’ మినహాయింపు. పాఠశాల పన్ను లెక్కలో ఇంటి విలువలోంచి 2023లో లక్ష డాలర్లు తీసేసేవారు, 2025లో దాన్ని లక్షా 40 వేలు చేశారు. అద్దెకిచ్చిన ఇంటికి, సెలవులకు వాడే ఇంటికి ఆ తగ్గింపు లేదు. మన పాత 40 శాతం రిబేటుకు ఇది అమెరికా అన్నగారు. మనం దాన్ని వదిలేసిన కాలంలో వాళ్ళు పెంచుకుంటూ పోయారు.

వేల్స్ లెక్కను తెచ్చి గోపాలపట్నం మీద పెట్టాలని మాత్రం నేననను. గ్విన్నెడ్ సముద్రతీరంలో బయటి డబ్బున్నవాళ్ళు సెలవు ఇళ్ళు కొనేసి, స్థానిక పిల్లలకు ఇల్లు దొరక్కుండా చేశారన్నది అక్కడి బాధ. ఇక్కడ తాళాలు వేస్తున్నది స్థానికులే. ఉద్యోగం, చదువు, పిల్లల కాన్పులు, కూలి, వీటి కోసం వేస్తున్న తాళాలు. 2020 మే 7 తెల్లవారుజామున మా పక్కనే ఉన్న ఆర్‌ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ విషవాయువు కమ్మినప్పుడు చుట్టుపక్కల జనం తలుపులు వేశారో లేదో కూడా చూసుకోకుండా పరిగెత్తారు. ఆ తర్వాత రోజుల తరబడి మూసి ఉన్న ఇళ్ళను ఎవరూ సెలవు ఇళ్ళు అనలేరు.

ఈ చుట్టుపక్కల సిసలైన ‘సీజను’ వలస ఎవరిదంటే మత్స్యకారులదే. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం లాంటి ఊళ్ళ నుంచి ఏటా మగవాళ్ళు, కొన్నిచోట్ల కుటుంబాలే, గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పనికి వెళ్తారు. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే. 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కిన మనవాళ్ళు వెరావల్ నుంచి వేటకెళ్ళినవాళ్ళే. 2020 జనవరిలో వాఘా దగ్గర ఇరవై మంది విడుదలయ్యారు. అలాంటి మనిషి ఊళ్ళో లేడు కాబట్టి ‘అప్పుడప్పుడూ వచ్చే యజమాని’ అని ఎక్కువ పన్ను వేస్తే, వాంకూవర్ శ్రీమంతుడికీ అతనికీ ఒకటే తూకం వేసినట్టు.

యాభై రూపాయల ఇల్లు

కొత్త పద్ధతి ఒక్కచోట మాత్రం గుమ్మంలోకి తొంగిచూస్తుంది. 375 చదరపు అడుగుల లోపు ఇల్లయి, యజమానే కాపురముంటే పన్ను ఏడాదికి 50 రూపాయలు. 375 అడుగులంటే సుమారు 42 గజాలు. ప్రభుత్వం పేదలకు కట్టించిన టిడ్కో ఇళ్ళలో 300, 365 అడుగులవి ఈ గీత లోపల, 430 అడుగులది బయట. మా మూడో తాళంచెవి ఇల్లు ఈ గీత లోపలిదే.

అక్కడ ‘కాపురముంటే’ అన్న మాట ఎంత బరువైనదో చూడండి. మన 0.10 శాతం లెక్కలోనే, 8 లక్షల విలువైన చిన్న ఇంటికి 800 పన్ను. కాపురం ఉందని ఒప్పుకుంటే 50. తేడా పదహారు రెట్లు. కోతలకెళ్ళిన నాలుగు నెలల్లో ఎవరైనా వచ్చి తాళం చూసి, ఇక్కడ కాపురం లేదని రాసుకుంటే? బాబాయిగారికి 750 పోతే మనసు నొచ్చుకుంటుంది. వీళ్ళకు 750 పోతే మూడు నాలుగు పూటల కూలి పోతుంది. న్యాయం గురించి మాట్లాడేటప్పుడు నేను మొదట నిలబడేది ఈ ఇంటి ముందు.

దీనికి కొత్త నిర్వచనం కనిపెట్టక్కర్లేదు, మన ఓటరు చట్టంలోనే ఉంది. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం రెండు మాటలు చెప్పింది. ఇల్లు ఉన్నంత మాత్రాన మనిషి ఆ చోటి నివాసి కాడు. తాత్కాలికంగా వేరే చోటికి వెళ్ళినంత మాత్రాన నివాసి కాకుండా పోడు. ఈ రెండో మాటను యాభై రూపాయల నిబంధనకు జోడిస్తే చాలు. ఓటు ఎక్కడుందో కాపురం అక్కడున్నట్టు. కూలికి వెళ్ళినా, వేటకు వెళ్ళినా, ఓడెక్కినా.

ఓటు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మహా విశాఖ నగర పాలక సంస్థకు 2007లో జరిగిన ఎన్నికల తర్వాత మళ్ళీ ఎన్నికలు 2021 మార్చి 10నే. 2012లో ఆ పాలకవర్గం గడువు ముగిశాక తొమ్మిదేళ్ళు కార్పొరేటర్లు లేరు. పన్ను పద్ధతి మారింది 2020 నవంబరులో. అంటే అద్దె విలువ నుంచి ఆస్తి విలువకు మారిన ఆ ఘట్టంలో, ఊళ్ళో ఏడాదంతా ఉన్నవాళ్ళకు కూడా అడిగేందుకు తమ వార్డు ప్రతినిధి లేడు. 98 వార్డుల సభ్యులు వచ్చేసరికి చట్టం అయిపోయింది, అమలు తేదీకి మూడు వారాలు కూడా లేవు. అప్పుడప్పుడూ ఉండేవాళ్ళ గొంతు వినబడటం లేదని ఫిర్యాదు చేసేముందు ఇది గుర్తుంచుకోవాలి. పక్కింటి పూర్తికాలపు కాపురస్థుడూ మనతో పాటే గుమ్మం బయట నిలబడ్డాడు.

బాబాయిగారు ఈ లెక్కలన్నీ విని, “మరైతే నాను అడగాల్సింది తగ్గింపు కాదన్నమాట” అన్నారు. అడగొద్దనలేదు నేను. ఇల్లు నిజంగా ఖాళీ చేసి, అద్దెకు పెట్టి, ఎవరూ రాకపోతే వెళ్ళేముందే వార్డు సచివాలయంలో వేకెన్సీ రెమిషన్ గురించి అడిగి, రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోమన్నాను. పాత సూత్రం ముందస్తు నోటీసు లేనిదే కదలదు. తిరిగొచ్చి అడిగితే ఆర్నెల్లూ తాళముందని రుజువెవరు చెబుతారు, నేను తప్ప! ఇల్లు సొంతానికే ఉంచుకుంటే మాత్రం ఏప్రిల్‌లో కట్టేసి వెళ్ళమన్నాను.

ఈ ఏప్రిల్ మొదటి వారంలో మూడిళ్ళ అసెస్‌మెంట్ నంబర్లూ ఒక కాగితం మీద రాసి ఆ మేకు పక్కనే గోడకు అతికించాను. బాబాయిగారి పన్ను విమానం ఎక్కే ముందురోజు ఆయన ఫోన్లోనే కట్టించాను. ఓడ మీది అబ్బాయికి సిగ్నల్ దొరికిన రాత్రి డబ్బు పంపాడు, రసీదు ఫొటో తీసి పెట్టాను. మూడో ఇంటి ఆవిడ కోతల నుంచి వచ్చాక ఆ యాభై నోటును నా చేతిలో పెట్టి, “రసీదు జాగర్తమ్మా, మాకది ఇల్లే” అంది.